మేకు పైకి పోదు

‘మా వీధి వేపచెట్టుకు కొన్నేళ్ల కిందట హాస్టల్ బోర్డు కొట్టారు. చెట్టు రెండో అంతస్తు దాటింది. బోర్డు మాత్రం అంతే ఎత్తులో ఉంది. ఎందుకు?’ అని మాదాపూర్ నుంచి ఒక పాఠకురాలు అడిగారు. ఇలాంటి ప్రశ్న వస్తే మిగతా పనులు పక్కన పెట్టాల్సిందే.

మొక్క ఒళ్లంతా పెరగదు. కొత్త కణాలు పుట్టేది కొన్ని చోట్లే, అక్కడుండేది విభాజ్య కణజాలం. వేరు కొసనా కొమ్మ కొసనా ఉన్న అగ్ర విభాజ్య కణజాలం పొడవు పెంచుతుంది. గడ్డికీ వెదురుకీ కణుపుల దగ్గర ఉండేది మధ్యస్థం. కోసిన లాన్ మళ్లీ లేచేది దాని చలవే. వేపచెట్టుకు బోర్డు మేకు దిగిన చోట మాత్రం పొడవు పెరగడం ఎప్పుడో ముగిసింది. అక్కడ పని చేస్తున్నది మూడోది, పార్శ్వ విభాజ్య కణజాలం. అసలు కథ దానిదే.

పచ్చి కొమ్మ బెరడు ఒలిస్తే చేతికి తడి జిగురు తగులుతుందే, ఆ పార్శ్వ కణజాలం, అంటే కేంబియం, ఉండేది అక్కడే. అందులో కణం చీలినప్పుడు ఒకటి కేంబియంగానే మిగులుతుంది. రెండోది లోపలి వైపు పడితే కలప. బయటి వైపు పడితే ఆకులు వండిన ఆహారాన్ని మోసే పోషక కణజాలం. ఎక్కువ కణాలు పోయేది లోపలికే. అంటే తాను పేర్చిన కలపే తనను ఏటా బయటికి నెడుతుంది! మరి మాను లావెక్కేకొద్దీ ఆ పలుచని పొర చిరిగిపోవద్దా? చిరగదు. అప్పుడప్పుడు పక్కలకూ చీలి తన వలయాన్ని తానే పెద్దది చేసుకుంటుంది. మేకు మాత్రం కదలకుండా కలపలో కూరుకుపోతుంది.

దీని దగ్గర మహామహులే పొరబడ్డారు. లోపలి బెరడే కలపగా మారుతుందనుకున్నాడు ఇటలీవాడు మాల్పీజీ. ఇంగ్లండ్‌లో నెహెమియా గ్రూ కేంబియం ఒక రసమన్నాడు. ఫ్రాన్స్‌లో డ్యుహామెల్ వాదన కట్టిపెట్టి బెరడు కింద వెండి తీగలు దూర్చాడు; వాటి మీదుగా కొత్త కలప పేరుకుంది. ఆ ప్రయోగాలు 1758లో అచ్చయ్యాయి. సరిగ్గా వందేళ్లకు వృక్షశాస్త్రజ్ఞుడు నేగెలి ఈ విభాజ్య కణజాలాలకు మెరిస్టెమ్ అని పేరు పెట్టాడు.

అన్ని చెట్లకూ కేంబియం ఉండదు. తాటికి లేదు. మాను మీద పడ్డ గాటు పూడదు, మొవ్వ నరికితే చెట్టే పోతుంది. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి ఊడలకు కేంబియం ఉంది కనుకే సన్నగా దిగినవి మానులయ్యాయి.

మేకు కన్నా తీగ ప్రమాదం. ఐటీ కారిడార్‌లో చెట్లకు దీపాల తీగలు, కేబుళ్లు బిగించి వదిలేస్తున్నారు. కేంబియం బయటికి తోస్తుంది, తీగ సడలదు, మధ్యలో పోషక కణజాలం నలుగుతుంది. తిండి అందక ముందు వేళ్లు చస్తాయి, తర్వాత చెట్టు. మీ ఆఫీసు ముందు చెట్టుకు అలాంటి తీగ ఉంటే ఈ వారమే విప్పించండి.