పాత కారు - పెట్రోలు వాసన

1888వ సంవత్సరము ఆగస్టు మాసమున జర్మనీ దేశమందలి మన్‌హైము పట్టణమునుండి బెర్తా బెంజి యను నిల్లాలు తన యిద్దరు కుమారులను వెంటబెట్టుకొని, భర్తతో చెప్పకయే, ఆయన నిర్మించిన మూడుచక్రముల మోటారుబండి నెక్కి పుట్టినూరగు ఫోర్జ్‌హైమునకు బయలుదేరెను. దారి నూరు కిలోమీటర్లకు పైబడినది. నడుమ ఇంధనపు గొట్టము పూడుకొనిపోగా టోపీకి గ్రుచ్చుకొను సూదితో దానిని శుభ్రపరచెననియు, నిప్పురవ్వ పుట్టించు తీగ యొరసిపోగా మేజోడును బిగించు పట్టీని దానికి చుట్టెననియు చెప్పుదురు. ఇంధనము, విద్యుత్తు: పాత కారున్న యింట నేటికిని తలనొప్పి తెచ్చునవి యీ రెండే.

మన వైపున పాత కారనగా చాలవరకు అంబాసిడరో, పద్మినియో. అంబాసిడరు తయారీ 2014లో నిలిచినది. పద్మిని యంతకు చాల మున్నే నిలిచినది. మామగారు ముచ్చటపడి కొన్న బండియని, అమ్మ మనసొప్పక, వీనిని షెడ్డులో నుంచుకొన్న కుటుంబములు పెక్కు గలవు. వారమున కొకమారు కదలు బండికే యీ జబ్బు లెక్కువ. నే నిందు చెప్పునది కార్బ్యురేటరు గల పెట్రోలు బండ్లను గూర్చి మాత్రమే.

వంటయింట గ్యాసు వాసన వచ్చినచో స్విచ్చి వేయరాదని పదేండ్ల పిల్లయు చెప్పగలదు. కారుషెడ్డులో పెట్రోలు వాసన వచ్చినప్పుడు మాత్రము "స్టార్టగునేమో చూతము" అని తాళము త్రిప్పుదురు! ఈ రెండు పనులకును భేదమేమి? తాళము త్రిప్పినపుడు సెల్ఫు మోటారునందును, దాని స్విచ్చియందును నిప్పురవ్వలు పుట్టును. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది గాన పైకి పోక, నేలమీద ప్రాకి మూలల నిలుచును. కావున వాసన యెక్కడిదో తేలువరకు తాళము ముట్టరాదు. షెడ్డు తలుపులు బారుగా తెరచి, బండిని మనుషులచే బయటికి త్రోయించి, బానెట్టు నెత్తియుంచవలెను. దసరాకు ఆయుధపూజ చేయువారు కారుముందు కర్పూరము వెలిగించుటయు ఆరుబయటనే, వాసన లేదని చూచుకొనిన పిమ్మటనే జరుగవలెను. చాదస్తమని మగవారు నవ్విన నవ్వనిండు.

ఇక వాసన యెప్పుడు వచ్చుచున్నదో గమనింపుడు. రాత్రి నిలిపిన బండి తెల్లవారుసరికి వాసన కొట్టినచో ఎక్కడనో కారుచున్నదని యర్థము. పగటి వెలుతురున, అగ్గిపుల్ల గాని దీపము గాని దగ్గరకు రానీయక, తొట్టినుండి పంపువరకు, పంపునుండి కార్బ్యురేటరువరకు గొట్టములను చూడవలెను. పెట్రోలు తడి త్వరలో ఆరిపోవును గాని, చాలదినములుగా కారిన చోట మరక మిగులును. రబ్బరు గొట్టమును వంచి చూచిన పగుళ్లు కనబడును. 2023 నుండి మనదేశమున నూటికి 20 పాళ్లు ఎథనాలు కలిపిన పెట్రోలు అమ్మకమునకు వచ్చినది. పాత రబ్బరు దానికి తాళజాలదు. పగిలిన ముక్కకు మాత్రము అతుకు వేయించుట దండుగ. గొట్టము లన్నిటిని ఒక్కమారే మార్పించుట మేలు.

పంపులోని పొర చినిగినచో పెట్రోలు బయటికే గాక యింజను ఆయిలులోనికి గూడ దిగవచ్చును. ఆయిలు కొలుచు కడ్డిని తీసి వాసన చూడుడు. ఆయిలు పలుచనై, మట్టము పెరిగి, పెట్రోలు వాసన వచ్చినచో ఆ యింజనును నడుపనే రాదు.

తొట్టి నిండించిననాడే వాసన వచ్చినచో మూత రబ్బరునో, మెడ గొట్టమునో యనుమానింపవలెను. ఎండకాలమున దూరము పోయి వచ్చి నిలిపిన కొన్ని నిమిషములకు వచ్చు వాసన కార్బ్యురేటరుది. దాని గిన్నెలో ఫ్లోటను చిన్న బుడ్డి తేలుచు, గిన్నె నిండగనే సూదిని నొక్కి ధారను ఆపును. మేడమీది నీళ్లతొట్టిలో బంతికొళాయి చేయు పనియే యిది. సూదిక్రింద నలుసు చిక్కినను, ఇంజను వేడికి పెట్రోలు మరిగినను అది పొంగి పొరలును.

విద్యుత్తు జబ్బును ముక్కు పట్టలేదు, చెవి పట్టును. వాసన లేదని నిశ్చయించుకొని తాళము త్రిప్పినపుడు "టక్కు" మని యాగి దీపములు మసకబారినచో బ్యాటరీయో, దాని కొసల బిగువో కారణము. దీపములు తేజముగనే యుండి చప్పుడే లేనిచో స్విచ్చియో తీగయో తెగినది. ఇంజను చురుకుగా తిరుగుచు అంటుకొననిచో బ్యాటరీని నిందింపరాదు.

నిలిచియున్న మంచి బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపును, 12.2 అయిన సగము ఖాళీ. ఇంజను నడుచునప్పుడు 14కు దరిదాపుగా లేనిచో లోపము బ్యాటరీకి విద్యుత్తు నందించు డైనమోది గాని ఆల్టర్నేటరుది గాని కావచ్చును. క్రొత్త బ్యాటరీ కొనుటకు ముందు కొసలమీది పచ్చని, తెల్లని పొడిని వంటసోడా కలిపిన వేడినీటితో కడిగించి బిగింపుడు. ఎర్తు తీగను ముందు విప్పి, చివర తగిలింపవలెను. ఇంజనునుండి బండి యినుమునకు పోవు ఎర్తు పట్టీని చూచువారే యుండరు. అది త్రుప్పుపట్టగా మంచి బ్యాటరీని చెడినదని మార్చినవారు ఎందరో!

ఈ రెండు జబ్బులును ఒకదాని వేషము నొకటి వేయుటయు గలదు. ఇంజను తిరుగుచు నిప్పురవ్వ పుట్టనిచో కాలని పెట్రోలు లోపల పోగై, పొగగొట్టమునుండి వాసన వచ్చును. చూచువారు కార్బ్యురేటరును విప్పుదురు. అసలు దోషము పాయింట్లదో, కండెన్సరుదో. ఇంకొకప్పుడు కార్బ్యురేటరు పొంగి ప్లగ్గులు తడిసి రవ్వ పుట్టదు. చూచువారు తీగలను మార్తురు. ప్లగ్గును విప్పి చూచిన తీర్పు కొంత తెలియును: పొడిగా నున్న పెట్రోలు చేరుటలేదు; తడిసియున్న పెట్రోలు చేరుచున్నది, అధికమైనదో, రవ్వ లేదో తేల్చవలెను. పొంగిన బండిని పదినిమిషములు విడిచి, చోకు మూయక, ఎక్సిలేటరును పదేపదే త్రొక్కక ఒక్కమారే అదిమిపట్టి స్టార్టు చేయవలెను.

మెకానిక్కులు కొందరు ప్లగ్గు తీగను ఇంజనుకు దగ్గరగా పట్టి, రవ్వ యెగిరించి చూపుదురు. గొట్టము కారుచుండగా ఆ పరీక్షను మీ వాకిట చేయనీయకుడు. అతనితో "బండి స్టార్టగుటలేదు" అని మాత్రమే చెప్పక, వాసన చల్లని యింజనుకా, వేడి యింజనుకా, తొట్టి నిండుగా నున్నదా, తాళము త్రిప్పిన నేమి చప్పుడైనది, ఇవి యొక చీటీపై వ్రాసి యిండు. పొడి మందు గల చిన్న యగ్నిమాపక యంత్ర మొకటి షెడ్డు లోపల గాక, తలుపు వెలుపల చేతికందు నెత్తున తగిలించి యుంచుడు.