టీఎంసీకి మూడు గ్రాములు

నిమ్మకూ నారింజకూ వాసనలో తేడా రావడానికి లిమొనీన్ అనే ఒకే అణువు కుడి, ఎడమ రూపాలే కారణమట, నిజమేనా అని ఇంటర్ చదివే పాఠకుడొకరు అడిగారు. కాదు. చాలా పాఠ్యపుస్తకాల్లో అలాగే ఉంటుంది, అయినా కాదు. రెండు పండ్ల తొక్క నూనెలోనూ ఉండేది దాదాపుగా కుడి లిమొనీనే. ఎడమది వాసన చూస్తే టర్పెంటైన్ గుర్తొస్తుంది, నిమ్మకాయ కాదు. ఒకరి పుస్తకంలోంచి ఇంకొకరు ఎత్తి రాసుకుంటూ పోయిన ఈ తప్పును నార్వే రసాయన శాస్త్రజ్ఞులు 2021లో బయటపెట్టారు. అన్నేళ్లూ సీసా మూత తీసి వాసన చూసే తీరిక లేకపోయింది కాబోలు!

నిమ్మ వాసన ప్రధానంగా సిట్రాల్‌ది. నిమ్మగడ్డి నలిపినప్పుడు గుప్పుమనేదీ అదే. కమలాపండు వాసనలో వాముకు ఘాటునిచ్చే థైమాల్ కాస్త కలిసి ఉంటుంది. నారింజ రసానికి పండు వాసన తెచ్చేవాటిలో ముఖ్యమైనది ఇథైల్ బ్యూటిరేట్. నారింజ తొక్క నూనెలో లిమొనీన్ 90 శాతం పైనే ఉంటుంది, నిజమే. కానీ ఎక్కువ ఉన్నదే ఎక్కువ వాసనిస్తుందని ఎవరన్నారు?

ఈ మాటకు గ్రేప్‌ఫ్రూట్‌ను మించిన సాక్షి లేదు. పంపరపనసకూ నారింజకూ పుట్టిన సంకరమిది. 1960లలో దీని రసంలో నూట్‌కాటోన్ అనే వాసన పదార్థం దొరికింది. ఇక గుట్టు తెలిసిపోయిందనుకున్నారు. అది కొంతవరకే నిజం. 1982లో స్విట్జర్లాండ్‌లో డెమోల్, ఎంగిస్ట్, ఓలాఫ్ అనే రసాయన శాస్త్రజ్ఞులు అదే రసంలోంచి గంధకం ఉన్న ఒక థయాల్‌ను పట్టుకున్నారు. దాని నిర్మాణం చూడండి: లిమొనీన్‌కు హైడ్రోజన్ సల్ఫైడ్, అంటే కుళ్లిన కోడిగుడ్డు వాయువు, వచ్చి అతుక్కుంటే ఈ అణువే! చిక్కగా ఉంటే ముక్కు మూసుకోవాల్సిందే. పలచబడితే మాత్రం అచ్చంగా గ్రేప్‌ఫ్రూట్.

ఎంత పలచగా? టన్ను నీటిలో మిల్లీగ్రాములో పదివేలో వంతు ఉన్నా మన ముక్కు పసిగడుతుంది. ఒక టీఎంసీ అంటే దాదాపు 2.83 కోట్ల టన్నుల నీరు. దానికి మూడు గ్రాములు చాలు. 312 టీఎంసీలతో నాగార్జునసాగర్ నిండుకుండలా ఉన్నా కిలో కూడా పట్టదు! లిమొనీన్‌తో అదే పని చేయించాలంటే లక్ష రెట్లయినా పోయాలి. గంధకమంటే మన ముక్కుకు అంత పట్టింపు. కుళ్లినదాన్ని తినకుండా కాపాడటానికే ఈ చురుకు అబ్బిందని ఒక ఊహ. ముక్కులోని కొన్ని గ్రాహకాలు థయాల్‌ను పట్టుకోవడానికి రాగి అయాను సాయం తీసుకుంటాయని ప్రయోగాల్లో తేలింది.

ఈ వాసనల గుట్టు తెలిస్తే ఉపయోగమేమిటంటారా? నూట్‌కాటోన్‌ను పిడుదులను తరిమే మందుగా అమెరికా 2020లో అనుమతించింది. నా గొడవ వేరే. సీసాలో వచ్చే నిమ్మరసానికి ఆ ఫినాయిల్ లాంటి వాసనేమిటి? సిట్రాల్ పులుపులో నిలవదు. నిమ్మరసమేమో అంతా పులుపే. నిల్వ ఉన్నకొద్దీ సిట్రాల్ అణువు మెలితిరిగి వలయంగా మారుతుంది, చివరికి ఫినాయిల్‌ను తలపించే క్రెసాల్ కూడా పుడుతుంది. సీసా మీద మాత్రం తాజా నిమ్మకాయ బొమ్మే ఉంటుంది.