బయోస్టాటిస్టిక్స్‌కు బైపీసీ కాదు, లెక్కలు కావాలి

పేరులో 'బయో' ఉంది కదా అని చాలా ఇళ్లలో పొరపాటు పడుతున్నారు. అమ్మాయికి ఆస్పత్రి రంగంలో ఏదో ఒక ఉద్యోగం వస్తుందని పదో తరగతి కాగానే బైపీసీలో చేర్పించేస్తారు. తీరా డిగ్రీ అయ్యాక ఎమ్మెస్సీ బయోస్టాటిస్టిక్స్‌కు అప్లై చేయబోతే మొదటి ప్రశ్నే అడ్డం వస్తుంది: డిగ్రీలో మ్యాథ్స్ గానీ స్టాటిస్టిక్స్ గానీ చదివారా?

కొత్త మందు నిజంగా పనిచేస్తోందా, దాన్ని ఎంతమందిపై పరీక్షిస్తే నమ్మొచ్చు, ఒక జబ్బు ఏ వయసువాళ్లకు ఎక్కువగా వస్తోంది అని లెక్క తేల్చడమే ఈ చదువు. ల్యాబ్‌లో సీసాలతో పని ఉండదు, కంప్యూటర్ ముందు పని. వైద్యం గురించి కావలసినంత అక్కడే నేర్పుతారు. లెక్కల పునాది మాత్రం ముందే ఉండాలి.

కాబట్టి ఇంటర్‌లో ఎంపీసీ తీసుకోవడం మేలు. రాష్ట్రంలో 2023-24 నుంచి డిగ్రీలో సింగిల్ మేజర్ పద్ధతి వచ్చింది గనుక స్టాటిస్టిక్స్ మేజర్, మ్యాథ్స్ మైనర్ అయితే సరిపోతుంది. బైపీసీనే కావాలనుకునేవాళ్లు దాంతోపాటు మ్యాథ్స్ కూడా చదివేలా 2025-26 నుంచి ఇంటర్ బోర్డు వీలు కల్పించింది. అయితే అది తమ కాలేజీలో ఉందో లేదో చేరేముందే అడగాలి.

ధర్మవరం పిల్లలకు దగ్గరిది అనంతపురం శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ. అక్కడ ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ ఉంది, ఏపీ పీజీసెట్ రాయాలి. బయోస్టాటిస్టిక్స్ అన్న పేరు లేదని దాన్ని తక్కువ చేయనక్కర్లేదు, ఈ రంగంలో ఆ డిగ్రీ కూడా చెల్లుతుంది. హిందూపురం, పెనుకొండ వాళ్లు రైలెక్కితే బెంగళూరులో నిమ్‌హాన్స్ ఉంది. వెల్లూరు సీఎంసీ, పుదుచ్చేరి జిప్‌మర్ కూడా ఈ కోర్సు నడుపుతున్నాయి. ముంబైలోని ఐఐపీఎస్‌లో జనాభా శాస్త్రంతో కలిపి చెబుతారు, దానికి సీయూఈటీ పీజీ రాయాలి. ఆ పరీక్షకు అప్లికేషన్లు సాధారణంగా డిసెంబరు, జనవరిలోనే మొదలవుతాయి. డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లూ పెట్టుకోవచ్చు. రిజల్ట్ వచ్చాక చూద్దాంలే అనుకుంటే ఏడాది పోయినట్టే.

ఎక్కువమంది దెబ్బతినేది సర్టిఫికెట్ల దగ్గర. ముస్లింలకు ఉన్న 4 శాతం బీసీ-ఇ కోటా రాష్ట్రానిది. పీజీసెట్‌కు అది పనికొస్తుంది. కేంద్ర సంస్థలు మాత్రం కేంద్ర ఓబీసీ జాబితానే చూస్తాయి. దూదేకుల వాళ్లు రాష్ట్రంలో బీసీ-బి, కేంద్ర జాబితాలోనూ ఉన్నారు. వాళ్లు కేంద్ర నమూనాలో నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ తీసుకోవాలి. బీసీ-ఇలోని వర్గాలు చాలావరకు ఆ జాబితాలో లేవు. అలాంటి కుటుంబాలు ఈడబ్ల్యూఎస్ చూసుకోవాలి. దానికి ఏడాది ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి, పొలం, ఇల్లు విషయంలోనూ పరిమితులున్నాయి. రెండు సర్టిఫికెట్లూ ఆ ఆర్థిక సంవత్సరానివే అడుగుతారు, నిరుటివి చూపిస్తే కుదరదు.

పేరు సంగతి కూడా ఉంది. టెన్త్ మెమోలో 'షేక్' అని, ఆధార్‌లో 'ఎస్.కె.' అని ఉంటే కౌన్సెలింగ్ రోజున పరుగులు పెట్టాల్సి వస్తుంది. ఆధార్‌ను టెన్త్ మెమో ప్రకారం డిగ్రీ రెండో ఏడాదిలోనే సరిచేయించుకుంటే, మిగతా కాగితాలన్నీ అదే పేరుతో వస్తాయి.