పైకి గట్టిగా, లోపల గుల్లగా



మన పల్లెలలో మంచు అంటే డిసెంబరు తెల్లవారుజామున పొలాల మీద కమ్ముకొనే పొగమంచే. ఎండ రాగానే అది విడిపోతుంది. హిమాలయాల మంచు అటువంటిది కాదు. అది నెలల తరబడి పేరుకొని, ఒక్కొక్కసారి కొండవాలు నుండి ఒక్కుమ్మడిగా జారిపడుతుంది. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో మంచు కూలి 10 మంది జవానులు ప్రాణాలు కోల్పోయారు. వారిలో ఒకరు మన కర్నూలు జిల్లావారు. మన బిడ్డలు సైన్యములోనికి, కొండ యాత్రలకు వెళ్తున్నారు గనుక ఈ సంగతి మనకును తెలిసి ఉండాలి.

అడుగున ఏమున్నది?

కొండ మీది మంచు ఒకే ముద్ద కాదు. కురిసిన ప్రతిసారీ ఒక పొర ఏర్పడుతుంది. నేలను ఆనుకొన్న మంచు ఇంచుమించు సున్నా డిగ్రీల వద్ద ఉంటే, పైభాగము రాత్రి చలికి ఎంతో చల్లబడుతుంది. మంచు పలుచగా ఉన్నప్పుడు అడుగు నుండి ఆవిరి పైకెక్కుతూ, మంచును రాళ్ల ఉప్పు వంటి పలుకులుగా మార్చివేస్తుంది. ఆ పలుకులు ఒకదానినొకటి పట్టుకొనవు. తరువాత గాలి తెచ్చిపోసిన మంచు వాటి మీద పలకవలె గట్టిపడుతుంది. ఉప్పురాశి మీద బండ పరచినట్లన్న మాట! చూచేవారికి అది గట్టి నేలే. కాని ఒక్క మనిషి బరువుకే అడుగుపొర కూలి, పలకంతా పగిలి జారవచ్చును. కొండలెక్కేవారి ప్రాణాలు తీసే చరియలను చాలసార్లు కదిలించేది వారి అడుగులే.

ఇట్టి చరియలు ఎక్కువగా 30 నుండి 45 డిగ్రీల వాలులో జారుతాయి. అంతకంటె నిటారైన చోట మంచు అంతగా నిలువదు. తక్కువ వాలులో సాధారణంగా జారదు. అయితే పైనుండి జారినది క్రింది చదునువరకు వచ్చి పడుతుంది.

అనుభవము ఒక్కటే చాలదు

2022 అక్టోబరు 4న ఉత్తరకాశీ జిల్లాలోని ద్రౌపదీ కా దండా శిఖరము వద్ద పర్వతారోహణ శిక్షణలో ఉన్న బృందము చరియలో చిక్కుకొని 29 మందిని కోల్పోయింది. వారిలో శిక్షకురాలు సవితా కంస్వాల్ ఒకరు. అదే సంవత్సరము మే నెలలో ఆమె ఎవరెస్టును, మకాలును 16 రోజులలో ఎక్కినది. అంతటివారిని కూడ మంచు మోసగించినది.

అయినను మంచు కొన్ని గుర్తులు చూపుతుంది. దగ్గరలో క్రొత్తగా జారిన చరియలు, విస్తారముగా కురిసిన క్రొత్త మంచు, బలమైన గాలి, అకస్మాత్తుగా పెరిగిన వేడిమి, కాలి క్రింద “ధబ్” మనే శబ్దము, పగుళ్లు. వీటిలో ఒక్కటి కనబడినను వెనుకకు తిరుగుట అవమానము కాదు.

కూలివాని మాటేమిటి?

2025 ఫిబ్రవరి 28న చమోలీ జిల్లా మానా వద్ద రోడ్డు పనివారు ఉన్న కంటెయినర్లపై చరియ పడినది. చిక్కుకొన్న 54 మందిలో 46 మందిని రక్షించారు, 8 మంది మరణించారు. 2,400 మీటర్లకు పైనున్న ప్రాంతాలకు ముందురోజు సాయంత్రమే హెచ్చరిక వెలువడింది. యాత్రికుడు వెనుకకు మరలగలడు. కూలికి వెళ్లినవాడు తన బస ఎక్కడ వేయాలో నిర్ణయించలేడు. ఆ భారము పని పెట్టినవారిదే.

మంచులో పూర్తిగా పూడినవానికి మొదటి పది పదిహేను నిమిషాలే ఆశ. ఆగిన చరియ సిమెంటువలె బిగుసుకొంటుంది. ఆ కొద్ది సమయములో త్రవ్వి తీయగలిగేది ప్రక్కనున్న తోటివారే. అందుకే ప్రతివాని వద్ద సంకేతమిచ్చే ట్రాన్సీవరు, పొడిచి చూచే కడ్డీ, పార ఉండాలి. ప్రమాదపు వాలును ఒక్కొక్కరుగా దాటుతూ, మిగిలినవారు చూస్తూ ఉండాలి.

మీ బిడ్డ ఆ కొండలకు బయలుదేరితే స్వెట్టరు సర్దడముతో సరిపెట్టకండి. “అక్కడి హెచ్చరిక విన్నావా? నీతో పార ఉన్నవారెవరు?” అని అడగండి. ఆ రెండు ప్రశ్నలు వాని ప్రాణము కాపాడవచ్చును.