కారు పటానికి తెలియని దోవలు

ఊరి గుర్తులు మనమే ఎక్కించాలి... అంకె తప్పితే ఊరే తప్పుతుంది

ప్రొద్దుటూరు: మర్రిమాను దాటి, వంక మోరీ దగ్గర ఎడమకు తిరిగితే మూడో కళ్లం. మన పల్లెల్లో దోవ చెప్పే పద్ధతి ఇది. నడిచి వచ్చే మనిషికి, బండి తోలే రైతుకు ఇది చాలు. కానీ ఇప్పుడు చాలా కార్లలో స్టీరింగు పక్కన ఒక తెర ఉంటోంది. దోవ చెప్పేది అదే. ఆ తెరలోని పటానికి మర్రిమాను తెలియదు, మోరీ తెలియదు. పెట్రోలు బంకులు, పెద్ద ఆసుపత్రులు, హోటళ్లు తెలుసు. కళ్లం, తోట, చిన్న గుడి వంటివి ఎవరో ఒకరు ఎక్కిస్తే తప్ప అందులోకి రావు.

అలా సొంతంగా గుర్తులు ఎక్కించుకునే వీలు చాలా కార్లలో ఉంది. దాన్ని వాడుకుంటే పులివెందుల తోటకు అరటికో, చీనీకాయలకో వచ్చే వ్యాపారి దోవ తప్పడు. జమ్మలమడుగు పక్క పల్లెలో పెండ్లికి వచ్చే చుట్టాలు రాత్రిపూట అడుగడుగునా కారు ఆపి అడగనక్కర లేదు. అన్నిటికీ మించి, ఆపదలో ఉన్న మనిషి దగ్గరకు బండి తొందరగా చేరుతుంది.

పేర్లతోనే తికమక

కారు తెర మీద ఊరి పేరు వెతకాలంటే సాధారణంగా ఇంగ్లీషు అక్షరాలతోనే కొట్టాలి. ప్రొద్దుటూరు అనే మాటలో 'డి' ఒకటా రెండా, తర్వాత వచ్చేది 'ఎ'నా 'యు'నా అనేది రాసేవారిని బట్టి మారుతుంది. జిల్లా పేరు సంగతీ అంతే. కడపను ఇంగ్లీషులో 'సి'తో మొదలుపెట్టి రాసే పాత స్పెల్లింగు 2005లో 'కె'కు మారింది. 2010లో జిల్లాకు వై.ఎస్.ఆర్. పేరు వచ్చింది. పటం ఏ సంవత్సరానిదైతే పేరు ఆ సంవత్సరానిదే.

ఒకే రకం పేర్లు మరో చిక్కు. కొండను నది కోసుకుని పోయిన చోటును గండి అంటారు. జమ్మలమడుగు దగ్గర పెన్న కోసిన గండి పక్కన గండికోట ఉంది. వేంపల్లె దగ్గర పాపఘ్ని కోసిన చోట గండి ఆంజనేయస్వామి ఆలయం ఉంది. శ్రావణ శనివారాల్లో స్వామి దర్శనానికి బయలుదేరిన కొత్త డ్రైవరు పేరు సగం కొట్టి, తెర మీద మొదట కనిపించినదాన్ని నొక్కితే కోటకు పోయినా పోవచ్చు.

ప్రొద్దుటూరు పేరుతో ఇంకో ఊరు కూడా ఉండేది. కొండాపురం మండలంలోని తాళ్ల ప్రొద్దుటూరు 2020లో గండికోట జలాశయం నీటిలో మునిగింది. ఊరివారు వేరేచోటికి వెళ్లారు. అంతకుముందు తయారైన పటం కార్డును మార్చకుండా వాడే కారు, ఆ ఊరు ఉన్నచోటే ఉందనుకుంటుంది. నీళ్లలోకి పోయే రోడ్డును చూపినా చూపుతుంది. పటం పాతదైతే కంపెనీవారి దగ్గర కొత్తది వేయించుకోవాలి. కొత్త కాలనీ దానిలోనూ లేకపోతే సొంత గుర్తు పెట్టుకోవడమే మార్గం.

ఎక్కించే పద్ధతులు మూడు

మొదటిది అన్నిటికన్నా తేలిక. కావలసిన చోటికి కారు తీసుకుపోయి ఆపి, ఉన్న చోటును దాచుకునే మీట నొక్కి పేరు పెట్టడం. అంకెలతో పని లేదు. కారు పైన అమర్చిన యాంటెన్నా ఉపగ్రహాల నుంచి తానున్న చోటును తెలుసుకుంటుంది. దీనికి ఫోను టవరుతో సంబంధం లేదు. అయితే ఎత్తయిన బండల నడుమ, దట్టమైన చెట్ల కింద ఆకాశం సరిగా కనబడదు కాబట్టి లెక్క కొంచెం తప్పవచ్చు. ఆరుబయట ఆపి ఒక నిమిషం ఆగి నొక్కడం మంచిది.

రెండోది అక్షాంశం, రేఖాంశం అంకెలు కొట్టడం. ఫోనులోని పటం మీద ఆ చోట వేలు అదిమి పట్టి ఉంచితే ఈ అంకెలు కనిపిస్తాయి.

మూడోది ఒకేసారి చాలా గుర్తులు ఎక్కించడం. కంప్యూటరులో ఒక్కో వరుసకు ఒక్కో చోటు చొప్పున అంకెలు, పేరు రాసి, ఆ జాబితాను పెన్‌డ్రైవ్‌లో పెట్టి కారుకు తగిలిస్తారు. ఫోక్స్‌వాగన్, ఆడి వంటి కంపెనీల కొన్ని మోడళ్లలో ఈ వీలు ఉంది. గార్మిన్ కంపెనీ విడిగా అమ్మే దారి చూపే యంత్రాలలోనూ ఉంది. అన్ని కార్లూ దీన్ని తీసుకోవు. తీసుకునేవి కూడా జాబితా ఏ రూపంలో ఉండాలో ఒక్కోటి ఒక్కో విధంగా అడుగుతాయి. కారుతో ఇచ్చిన పుస్తకం చూసుకున్నాకే పని మొదలుపెట్టాలి.

తిరగేస్తే మంచు దీవులకు

అంకెల విషయంలో తరచు జరిగే పొరపాట్లు రెండు. గండికోట అక్షాంశం సుమారు 14.81, రేఖాంశం 78.28. ఫోను మామూలుగా అక్షాంశాన్ని ముందు చూపుతుంది. గార్మిన్ జాబితాలో రేఖాంశం ముందు రాయాలి. ఈ తేడా చూసుకోకుండా తిరగేసి రాస్తే గండికోట గుర్తు ఉత్తర ధ్రువానికి దగ్గరగా ఉన్న నార్వే దేశపు స్వాల్‌బార్డ్ మంచు దీవుల్లో పడుతుంది. మన జిల్లాలో ఏ ఊరి అంకెలు తిరగేసినా గుర్తు చేరేది ఆ ప్రాంతానికే.

ఆ తప్పు వెంటనే తెలిసిపోతుంది. రెండోది తెలియదు. డిగ్రీకి 60 నిమిషాలు. ప్రొద్దుటూరు అక్షాంశం 14.75 అంటే 14 డిగ్రీల 45 నిమిషాలు. ఆ 45ను చూసి 14.45 అని కొడితే గుర్తు 33 కిలోమీటర్లు దక్షిణంగా వేంపల్లె వైపు పడుతుంది. అదీ మన జిల్లాయే కాబట్టి అనుమానం రాదు. చుక్క తర్వాత ఎన్ని అంకెలు రాస్తామన్నదీ ముఖ్యమే. రెండు అంకెలతో ఆపితే అర కిలోమీటరు దాకా తేడా రావచ్చు. నాలుగు అంకెలు రాస్తే తేడా కొద్ది మీటర్లకు మించదు. ఎక్కించిన ప్రతి గుర్తునూ తెర మీద ఒకసారి చూసుకోవాలి.

గుర్తు ఎక్కడ పెట్టాలి

తోట నడుమ కాదు, తోటలోకి తిరిగే గేటు దగ్గర. ఆసుపత్రి కట్టడం మీద కాదు, బండి లోపలికి పోయే వాకిలి దగ్గర. గుర్తుకు ఏ రోడ్డు దగ్గరగా ఉంటే కారు ఆ రోడ్డుకే దోవ చూపుతుంది. పెన్న గట్టున గుర్తు పెడితే కొన్నిచోట్ల అవతలి ఒడ్డు రోడ్డే దగ్గర కావచ్చు. అప్పుడు నది ఇవతలికి రావలసిన బండి చుట్టు తిరిగి అవతలికి చేరుతుంది.

చూడదగ్గ చోట్లకూ ఇలాంటి గుర్తులు అవసరం. తొలి తెలుగు శాసనాల్లో ఒకటి, క్రీ.శ. 575 ప్రాంతానిదిగా పండితులు చెప్పేది ఎర్రగుంట్ల మండలం కలమళ్లలో దొరికింది. జమ్మలమడుగు దగ్గర పెన్న ఒడ్డున దానవులపాడులో తవ్వకాల్లో బయటపడిన జైన ఆలయం ఉంది. గండికోట చూడవచ్చిన వారి కారులో ఈ రెండు గుర్తులూ ఉంటే వీటినీ చూసి పోతారు.

ఒక కారులో ఉంటే చాలదు

కారులో పెట్టిన గుర్తు ఆ కారుకే పనికివస్తుంది. ఊరికి వచ్చే అంబులెన్సుకు అది కనబడదు. అందరికీ కనబడాలంటే అందరూ వాడే పటాల్లో చేర్చాలి. గూగుల్ పటంలోనూ, మన దేశపు మ్యాప్‌మైఇండియా వారి మ్యాపుల్స్‌లోనూ, జనమే తయారు చేసుకునే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోనూ లేని చోట్లను ఫోను నుంచే చేర్చవచ్చు. డబ్బు కట్టనక్కర లేదు. తపాలా శాఖ 2025 మే నెలలో డిజిపిన్ అనే పద్ధతి తెచ్చింది. నాలుగు మీటర్ల చదరానికి ఒకటి చొప్పున దేశమంతటికీ పది అక్షరాల గుర్తు ఇచ్చింది. ఇంటి నంబరు లేని కొట్టానికి కూడా ఇందులో చిరునామా ఉంది.

జాగ్రత్తలూ ఉన్నాయి. ఇతరుల ఇండ్లను వారిని అడగకుండా అందరి పటంలో పెట్టకూడదు. కారు అమ్మేటప్పుడు సొంత ఇల్లు, తోట, బంధువుల ఇండ్ల గుర్తులన్నీ చెరిపివేయాలి. లేకుంటే కొన్నవారికి మన రాకపోకలన్నీ అప్పగించినట్లే.

ఈ పని ఈ సీమకు కొత్త కాదు. 1800లో దత్తమండలాలు కంపెనీ చేతికి వచ్చాక కర్నల్ మెకంజీ ఇక్కడ సర్వే చేయించాడు. ఆయన మనుషులు ఊరూరా తిరిగి గుళ్లు, చెరువులు, పొలిమేరల వివరాలు రాసుకున్నారు. అవే కైఫియత్తులు. 1815లో ఆయన భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఆనాడు ఊరివారు నోటితో చెబితేనే పల్లెల సంగతులు కాగితం మీదికి ఎక్కాయి. నేటి పటానికీ చెప్పవలసింది ఊరివారే. ప్రతి ఊళ్లో చదువుకున్న యువకులు నలుగురు పూనుకుని బడి, ఆరోగ్య ఉపకేంద్రం, గుడి, ఊళ్లోకి తిరిగే మలుపు గుర్తులు పెడితే ఒక్క ఆదివారంతో అయ్యే పని ఇది. పెట్టిన తర్వాత పొరుగూరి డ్రైవరు ఒకరిని పిలిచి, ఎవరినీ అడగకుండా ఆ గుర్తులతోనే రమ్మని చూసుకుంటే తప్పులు అక్కడికక్కడే బయటపడతాయి.