గోదావరి పిల్లలపై ఆక్స్‌ఫర్డ్ స్టడీ.. రెండు దశాబ్దాలుగా ఏం కొలుస్తున్నారు? సర్వేవాళ్లు మీ ఇంటికొస్తే ఏం అడగాలి?

పచ్చటి పొలాలు, నిండుగా పారే కాల్వలు, ఇంటింటికీ కొబ్బరిచెట్లు. గోదావరి జిల్లాలంటే ఎవరికైనా గుర్తొచ్చేది ఇదే. మరి అన్నానికి లోటు లేని ఈ గడ్డ మీద పిల్లల ఎత్తు, బరువు కొలవడానికి ఎక్కడో ఇంగ్లండ్‌లో ఉన్న ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీకి ఏం పని? పని ఉంది. 2002 నుంచి ఆ పని జరుగుతూనే ఉంది. దాని పేరు ‘యంగ్ లైవ్స్’.

అసలేంటీ స్టడీ?

నాలుగు దేశాల పిల్లలను చిన్నప్పటి నుంచి పెద్దయ్యే దాకా గమనించే అంతర్జాతీయ పరిశోధన ఇది. ఇథియోపియా, పెరూ, వియత్నాంతో పాటు భారత్ కూడా ఇందులో ఉంది. మన దేశం నుంచి ఎంచుకున్నది ఒక్క ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌నే. నాలుగు దేశాల్లో కలిపి సుమారు 12 వేల మంది పిల్లలైతే, అందులో 3 వేల మంది తెలుగు పిల్లలు. 2001-02లో పుట్టినవాళ్లు 2 వేల మంది, 1994-95లో పుట్టినవాళ్లు వెయ్యి మంది. ఇక్కడి పనిలో హైదరాబాద్‌లోని సెస్, తిరుపతిలోని శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం భాగస్వాములుగా ఉన్నాయి.

మరి పశ్చిమ గోదావరే ఎందుకు?

ఒక్కో ప్రాంతం నుంచి ఒక వెనుకబడిన జిల్లా, ఒక మెరుగైన జిల్లా తీసుకున్నారు. రాయలసీమ నుంచి అనంతపురం, కడప. తెలంగాణ నుంచి మహబూబ్‌నగర్, కరీంనగర్. కోస్తా నుంచి శ్రీకాకుళం, దానికి జోడీగా పశ్చిమ గోదావరి. వీటికి హైదరాబాద్ నగరం అదనం. అంటే మన జిల్లా వెళ్లింది ‘కలిగిన జిల్లా’ కోటాలో అన్నమాట! అప్పటి పశ్చిమ గోదావరి అంటే భీమవరం కేంద్రంగా ఉన్న ఇప్పటి పశ్చిమ గోదావరి జిల్లా, ఏలూరు జిల్లాలో ఎక్కువ భాగంతో పాటు తూర్పు గోదావరిలో కలిసిన కొవ్వూరు, నిడదవోలు ప్రాంతాలు కూడా.

ఏ ఊళ్లు, ఎవరి పిల్లలు అని మాత్రం అడగొద్దు. అది బయటపెట్టరు. రిపోర్టుల్లో పిల్లల పేర్లూ, ఊళ్ల పేర్లూ మార్చే రాస్తారు.

ఒక్కసారి కొలిస్తే సరిపోదా?

ఇక్కడే ఉంది అసలు విషయం. కోతలప్పుడు వచ్చి చూసినవాడికి ఎన్ని బస్తాలు దిగాయో తెలుస్తుంది. నారుమడి నుంచి చూస్తున్నవాడికే చేను ఎక్కడ దెబ్బతిందో, ఎప్పుడు కోలుకుందో తెలుస్తుంది. పిల్లల విషయమూ అంతే.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే సంగతే చూడండి. 2019-20లో మన రాష్ట్రంలో చేసిన ఆ సర్వే ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో 31.2 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. అంటే దాదాపు ముగ్గురిలో ఒకరు. కానీ వాళ్లలో ఎవరు తర్వాత పుంజుకున్నారు, ఎవరు అలాగే ఉండిపోయారు అన్నది ఆ లెక్క చెప్పదు. అది తెలియాలంటే అదే గడపకు, అదే బిడ్డ దగ్గరకు మళ్లీ మళ్లీ వెళ్లాలి. యంగ్ లైవ్స్ 2002, 2006, 2009, 2013, 2016 రౌండ్లలో చేసింది అదే. కరోనా టైమ్‌లో ఇళ్లకు వెళ్లడం కుదరక ఫోన్లు చేసి అడిగారు. 2023లో మళ్లీ ఇంటి బాట పట్టారు.

ఏం తేలింది?

ఒకటి.. ఏడాది వయసులో ఎదుగుదల ఆగిన బిడ్డకు ఇక అంతే అనుకోనక్కర్లేదు. అలాంటి పిల్లల్లో కొందరు ఎనిమిదేళ్లు వచ్చేసరికి ఎత్తు అందుకున్నారు. అలా అందుకున్నవాళ్లు, ఎదగకుండా ఉండిపోయిన వాళ్లకంటే చదువు పరీక్షల్లోనూ మెరుగ్గా ఉన్నారు.

రెండు.. బడిలో పెట్టే అన్నం నిజంగా పనిచేసింది. ఉమ్మడి ఏపీలో మధ్యాహ్న భోజనం 2003 జనవరిలో మొదలైంది. అవి కరువు రోజులు. కరువు వల్ల తిండి తగ్గిన చిన్నపిల్లలకు ఆ లోటును బడి భోజనం పూడ్చిందని అభిజీత్ సింగ్, ఆల్బర్ట్ పార్క్, స్టెఫాన్ డెర్కాన్ ఈ డేటాతోనే తేల్చారు. ఆ పథకానికి ఇప్పుడు మన రాష్ట్రంలో ఉన్నది గోదావరి లంకల్లో అన్నదానం చేసిన డొక్కా సీతమ్మ గారి పేరే.

మూడు.. పెద్ద బ్యాచ్ అమ్మాయిల్లో నాలుగో వంతుకు మించి 18 నిండకుండానే పెళ్లయిపోయింది. అబ్బాయిల్లో అలాంటివాళ్లు చాలా అరుదు. 15 ఏళ్లప్పుడు ఇంకా బడికి వెళ్తున్న అమ్మాయిలకు మాత్రం ఈ ముప్పు బాగా తగ్గింది.

మరి భయపడాల్సింది ఏమీ లేదా?

ఉంది. అదీ గోదావరి ఒడ్డునే జరిగింది. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం సహా కొన్ని మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు హెచ్‌పీవీ టీకా వేశారు. అమెరికాకు చెందిన పాత్ సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన ప్రాజెక్టు అది. చాలామంది హాస్టళ్లలో ఉండే గిరిజన పిల్లలు. అమ్మానాన్నలు పెట్టాల్సిన సంతకాలు ఎన్నో చోట్ల వార్డెన్లు, హెడ్మాస్టర్లు పెట్టేశారు. కొందరు బాలికల మరణాలతో గొడవ రేగి, 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టును ఆపేశారు. ఆ మరణాలకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. కానీ సమ్మతి తీసుకున్న తీరును 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. టీకా మీద కాదు, అడగకుండా చేసిన పని మీద పోయింది నమ్మకం. హెచ్‌పీవీ టీకాను ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇప్పటికీ సిఫార్సు చేస్తోంది.

రూల్స్ ఏం చెబుతున్నాయి?

విదేశీ సంస్థతో కలిసి ఆరోగ్య పరిశోధన చేయాలంటే ఎథిక్స్ కమిటీ అనుమతితో పాటు కేంద్ర ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి కూడా ఉండాలి. పిల్లల మీద పరిశోధనకు ఐసీఎంఆర్ 2017లో ప్రత్యేక మార్గదర్శకాలు ఇచ్చింది. తల్లిదండ్రుల సమ్మతి తప్పనిసరి. అది చాలదు, ఏడేళ్లు దాటిన పిల్లలనూ అడగాలి. 12 ఏళ్ల లోపైతే నోటి మాట చాలు. 12 నుంచి 18 మధ్య అయితే రాతపూర్వకంగా ఒప్పుకోవాలి.

మీ ఇంటికొస్తే ఇవి అడగండి

1. ఏ సంస్థ తరఫున వచ్చారు? ఎథిక్స్ కమిటీ అనుమతి కాగితం ఉందా?
2. వివరాల పత్రం తెలుగులో ఉందా? చదవలేకపోతే చదివి వినిపిస్తారా?
3. ప్రశ్నలు, ఎత్తు, బరువుతో సరిపెడతారా? రక్తం తీస్తారా? మందు, టీకా లాంటివి ఇస్తారా?
4. మా పేరు, ఊరు, ఫోన్ నంబర్ ఎవరెవరు చూస్తారు?
5. మధ్యలో మానేస్తే పథకాలు, రేషన్, బడి విషయంలో ఇబ్బంది ఉంటుందా? దీనికి జవాబు ‘ఉండదు’ అనే రావాలి.

ఇంకో మాట. ఇలాంటి సర్వే వైద్య శిబిరం కాదు. కొలతలు తీసినంత మాత్రాన వైద్యం అందదు. బిడ్డ ఎదగట్లేదని తెలిస్తే వెంటనే అంగన్‌వాడీకో, పీహెచ్‌సీకో తీసుకెళ్లాలి.

2002లో చంకలో ఉండగా కొలిచిన పిల్లలు ఇప్పుడు ఇరవైల్లో ఉన్నారు. పెద్ద బ్యాచ్‌లో చాలామంది అమ్మానాన్నలు కూడా అయ్యారు. వాళ్ల కుటుంబాలు ఓపిగ్గా తలుపు తీసి జవాబులు చెప్పబట్టే, బడి అన్నం గురించి ఇవాళ రుజువుతో మాట్లాడగలుగుతున్నాం. రేపు మీ తలుపు తడితే ఒప్పుకోవచ్చు, వద్దనొచ్చు. ఏది చెప్పినా అడగాల్సినవి అడిగాకే చెప్పండి. మీ బిడ్డకు ఏడేళ్లు దాటితే ఆ మాట వాళ్లనూ చెప్పనివ్వండి.