'వద్దు' అనే అధికారం ఎవరిది?

ఇల్లు కట్టించినవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. మేస్త్రీకి రోజుకూలీ లెక్కన ఇస్తే పెరిగిన ఖర్చంతా మనదే. గంపగుత్తగా ఇస్తే భారం అతనిది, కానీ ఇసుక, సిమెంటు పాళ్ల మీద మన కన్ను ఉండాలి. మనుషుల్ని అంతరిక్షానికి పంపే పనిలో అమెరికా ఈ రెండో దారి పట్టింది.

2011 జులైలో స్పేస్ షటిల్ ఆఖరిసారి దిగాక నాసాకు సొంత వాహనం లేదు. తొమ్మిదేళ్లు రష్యా సోయజ్‌లో సీట్లు కొనుక్కుంది. ఈలోగా 2014లో బోయింగ్‌కు 420 కోట్ల డాలర్లకు, స్పేస్‌ఎక్స్‌కు 260 కోట్ల డాలర్లకు గుత్త ఇచ్చింది. వాహనం కంపెనీలది, ప్రయాణికులు నాసావాళ్లు, ఖర్చు పెరిగితే కంపెనీలే భరించాలి. 2020 మే 30న స్పేస్‌ఎక్స్ డ్రాగన్ ఇద్దరిని తీసుకెళ్లింది. తెలంగాణ మూలాలున్న రాజాచారి నాసా వ్యోమగామిగానే 2021 నవంబరులో ఓ డ్రాగన్‌కు కమాండర్‌గా వెళ్లారు. ఎక్కువ డబ్బు తీసుకున్న బోయింగ్ వెనకబడింది. అయినా దాని నష్టం, 200 కోట్ల డాలర్ల పైమాటే, ప్రజల నెత్తిన పడలేదు. గుత్త పద్ధతికి ఇంతకంటే సమర్థన అక్కర్లేదు.

అసలు పరీక్ష డబ్బు దగ్గర రాలేదు. 2024 జూన్‌లో సునీతా విలియమ్స్, బుచ్ విల్మోర్ బోయింగ్ స్టార్‌లైనర్‌లో ఎనిమిది రోజుల పనికి బయల్దేరారు. అంతరిక్ష కేంద్రానికి చేరువవుతుండగా దిశను సరిదిద్దే 28 చిన్న థ్రస్టర్లలో ఐదు మొరాయించాయి. హీలియం కూడా లీకవుతోంది. అలాంటి థ్రస్టర్‌నే నేలమీద పదేపదే మండించి చూస్తే, ఇంధనాన్ని మండించే ఆక్సిడైజర్ వాల్వులోని చిన్న టెఫ్లాన్ సీలు వేడికి ఉబ్బి, ద్రవం పారే దారికి అడ్డుపడుతున్నట్టు కనిపించింది. పైన ఉన్నవి విప్పి చూద్దామంటే వీల్లేదు. ఆ థ్రస్టర్లున్న భాగం భూమికి తిరిగిరాదు, దారిలోనే విడిపోయి కాలిపోతుంది.

మనుషులతోనే తిరిగి రావచ్చని బోయింగ్ నమ్మింది. ఆగస్టు 24న నాసా వద్దంది. సెప్టెంబరులో స్టార్‌లైనర్ ఖాళీగా, క్షేమంగానే దిగింది. అంతమాత్రాన ఆ నిర్ణయం తప్పని నేననుకోను. తెలియని ప్రమాదంలోకి ప్రాణాల్ని నెట్టకపోవడమే ఇక్కడ సరైన లెక్క.

ప్రభుత్వమైతే చాలు జాగ్రత్త ఉంటుందనుకోవడానికీ లేదు. 1986 జనవరిలో గడ్డకట్టే చలి. బూస్టర్ రబ్బరు సీళ్లు ఆ చలికి పనిచేయకపోవచ్చని, ప్రయోగం వాయిదా వేయమని మొత్తుకున్నది వాటిని తయారుచేసిన ప్రైవేటు కంపెనీ ఇంజినీర్లే. నాసా అధికారుల ఒత్తిడికి ఆ కంపెనీ యాజమాన్యం తలొగ్గింది. ఛాలెంజర్ షటిల్‌లో ఏడుగురు చనిపోయారు. అప్పటికి నాసాకు షటిల్ తప్ప మరో వాహనం లేదు, తేదీలు తరుముతున్నాయి. 2024లో మాత్రం రెండో వాహనం సిద్ధంగా ఉంది. 'వద్దు' అనడానికి ధైర్యంతో పాటు ఆ వెసులుబాటూ కావాలి. అందుకే ఒకే కంపెనీకి, ఎంత గొప్పదైనా, పనంతా అప్పగించడం ప్రమాదమే.

సెప్టెంబరు 28న డ్రాగన్ నలుగురు వెళ్లాల్సిన చోట ఇద్దరితోనే లేచింది. ఆ రెండు ఖాళీ సీట్లలోనే తాము భూమి విడిచిన 286 రోజుల తర్వాత, 2025 మార్చి 18న సునీత, విల్మోర్ ఫ్లోరిడా తీరంలో సముద్రంపై దిగారు.